మగ్గం మోడ్, అమావాస్య మోడ్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. తెలియని పనిని ధైర్యంగా చేస్తే, చూసేవాళ్లకు అది తెలిసిన పనిలాగే కనిపిస్తుందని. ఆ నమ్మకంతోనే హిందూపురంలో సౌండు భాయ్ షాపులో (ఆయన అసలు పేరు బజారులో ఎవరికీ గుర్తులేదు) హోం థియేటర్లు బిగించే పనికి చేరాను. టీవీ శబ్దాన్ని ఐదు స్పీకర్లకు పంచే రిసీవర్‌లో సరౌండు మోడ్‌లన్నీ తెలుసా అని ఆయన అడిగితే తెలుసన్నాను. మూవీ, మ్యూజిక్, హాలు, స్టేడియం, చర్చి, స్టీరియో అని గడగడా అప్పజెప్పాను కూడా. అట్టపెట్టె మీద చదివి కంఠతా పట్టినవే అవన్నీ. ఐదు స్పీకర్ల మధ్య కూర్చుని ఒక్క సినిమా అయినా చూసిన పాపాన పోలేదు. పెనుకొండలో మా అమ్మ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ కొడుకు సౌండు ఇంజనీరని చెప్పుకునేది. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా మాట మార్చేసేవాణ్ణి. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు, ఏ మోడ్ దేనికి అని అడగకపోతారా అని.

నేను ఒక్కడినే వెళ్లి బిగించిన మొదటి రిసీవర్ ధర్మవరంలో, పట్టుచీరలు నేయించే ఒకాయన ఇంట్లో. ఏ అంచుకు ఏ రంగు నప్పుతుందో ఆయనే చెప్పాలని ఊళ్లో పేరు, అందుకని రంగులాయన అనేవారు. అమావాస్యనాడు రమ్మన్నాడు. (కొత్త వస్తువు ఎవరైనా అమావాస్యనాడు ఇంట్లో పెట్టుకుంటారా అనుకున్నాను కానీ, మగ్గాలకు ఆ రోజు సెలవని, వాళ్లకు తీరిక దొరికేది అప్పుడేనని తర్వాత తెలిసింది.) పొడుగాటి హాలు. ముందు గోడకు టీవీ, వెనక సగంలో రెండు గుంట మగ్గాలు. రెండు స్పీకర్లు వెనక ఉండాలని దాంతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంది కాబట్టి రెండింటినీ సరిగ్గా మగ్గాల నెత్తిన బిగించాను. రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకును హాలు మధ్యలో పెట్టి స్పీకర్లను దానంతట అదే సరిచూసుకునే ఆటో సెటప్ నొక్కాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని ఆ పుస్తకంలో రాసి ఉంది, ఇల్లేమో అంతకన్నా నిశ్శబ్దంగా ఉంది. చివరికి మూవీ సరౌండులో పెట్టాను. ఎందుకని అడక్కండి, రిమోట్‌లో మొదట వచ్చింది అదే. అడవిలో ఎవరో నడుస్తున్న సీను వచ్చింది. ఎండుపుల్లలు మా వీపు వెనక విరిగాయి. రంగులాయన తల తిప్పి చూసి, నా భుజం తట్టాడు. ఇంజనీరు కావడం ఇంత సులువా అనుకుంటూ హిందూపురం రైలెక్కాను.

మర్నాడు పొద్దున పది గంటలకే రంగులాయన ఫోను చేశాడు. ఈ మిషను వచ్చినప్పటి నుంచి మగ్గం నడవడం లేదని, వచ్చి ఎత్తుకుపొమ్మని. సౌండు భాయ్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన అరిచే మనిషైతే నాకు ఇంత భయం వేసేది కాదు.

"ఏమప్పా, ధర్మవరంలో ఆయన మాటకు శానా విలువుండాది. ఆయన సరే అంటేనే నువ్వు మళ్లా షాపుకు రా. లేదంటే పెట్టెను ఆడి నుంచి పంపించేసి, నువ్వు మీ పెనుకొండలోనే దిగిపో."

రైల్లో కూర్చున్నాక ఆ మాటే చెవుల్లో తిరిగింది, అదీ ఐదు వైపుల నుంచీ. పెనుకొండలో బండి ఆగినప్పుడు నిజంగానే లేచి తలుపు దాకా వెళ్లాను. దిగితే అమ్మకు ఏం చెప్పాలో తోచక మళ్లీ వచ్చి కూర్చున్నాను. భయం వల్ల ఉద్యోగం నిలబడిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి హాలంతా టకటకమంటోంది. ఒక మగ్గం మీద రంగులాయన తల్లి కూర్చుని ఉంది. డెబ్బై దాటిన అవ్వ. నేస్తున్నది పెళ్లిచీర, ముహూర్తం దగ్గర పడింది, అది పూర్తికావడం ఆమె చేతిలోనే ఉంది. నేను రిమోట్ తీసుకున్నాను. స్టేడియం పెడితే మాటలు బస్టాండులో అనౌన్సుమెంటులా గోడలకు కొట్టుకుని తిరిగొచ్చాయి. చర్చి పెడితే విలను కూడా ప్రార్థన చేస్తున్నట్టుంది. హాలు పెడితే రంగులాయన, ఇది కల్యాణ మండపంలో మైకు మాదిరి ఉందన్నాడు. మళ్లీ మూవీకే వచ్చాను. అదే అడవి, అవే ఎండుపుల్లలు. వెనక టిక్కుమన్నదో లేదో, అవ్వ మగ్గం ఆపేసింది. వంగి, వేళ్లతో పడుగు పోగులన్నీ తడిమింది. ఏమీ దొరకలేదు. మళ్లీ నాలుగు పోగులు నేసింది, మళ్లీ టిక్కుమంది, మళ్లీ ఆపింది. టీవీ వింటూ నేయడం ఆమెకు అలవాటట, పొద్దున్నుంచీ ఇదే వరసట. జానెడు కూడా సాగలేదట.

"కండ్లు సరిగా ఆనక రెండేండ్లాయ నాయనా," అంది అవ్వ. "పోగు తెగితే నా చెవే చెప్తాది. నీ పెట్టె నా చెవిలో అబద్ధాలు చెప్తాండాది."

అంతటితో నా ధైర్యం ఇంకిపోయింది. పెళ్లిచీర ఆగింది నా మూలంగా. ఏ మోడ్ దేనికో నాకు తెలియదని, పెట్టె మీద పేర్లు చదివి వచ్చానని మొత్తం చెప్పేశాను. రంగులాయన మొహం చూసే సాహసం చేయలేదు. ఎవరూ తిట్టలేదు. అవ్వ మాత్రం పక్కకు జరిగి, గుంటలో కాళ్లు పెట్టి కూర్చోమంది. మగ్గం ఆడిస్తున్నట్టు నా చెయ్యి పట్టి కదిపిస్తూ, కండ్లు మూసుకుని వినమంది. విన్నాను. నెత్తిమీద టిక్కుమనగానే నా చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. నెల రోజులు కంఠస్థం చేసినా అర్థంకానిది అప్పుడు అర్థమైంది. నేను టీవీ ముందు కూర్చునేవాళ్ల కోసం మోడ్ వెతికాను. ఆ ఇంట్లో పొద్దస్తమానం వినేవాళ్లు టీవీకి వీపు పెట్టి కూర్చుంటారు.

లేచి, పెట్టె మీద అన్నింటికన్నా చివర, నేను చిన్నచూపు చూసిన స్టీరియో పెట్టాను. ముందున్న రెండే మాట్లాడాయి. వెనకవి నోరు మూసుకున్నాయి. మగ్గం టకటక మొదలై, ఈసారి ఆగలేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే రంగులాయన అడ్డం వచ్చాడు, బంధువులంతా చూడాలని ఐదు తెస్తే వెనకవి రెండూ ఊరికే గోడకు అలంకారమా అని. ఆయన సరే అనాలి కదా. జవాబు అవ్వే చెప్పింది, మగ్గం ఆపకుండానే.

"అమావాస్యకు మాట్లాడతాయిలే వోయ్ అవి. వాటికీ మాకు మాదిరే సెలవుంటాది, కాకుంటే రివర్సులో. మా సెలవునాడు వాటికి పని."

రంగులాయన నవ్వాడు. సరే అన్నాడు. ఆ రెండక్షరాల కోసం నేను పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. రిసీవర్‌లో రెండు సెట్టింగులు దాచి, రిమోట్ మీద తెల్లకాగితం అంటించి, ఒక మీట పక్కన మగ్గం, ఇంకో మీట పక్కన అమావాస్య అని రాసిచ్చాను. సౌండు భాయ్‌కి సంగతంతా నేనే చెప్పేశాను, తెలుసన్నది అబద్ధమనీ చెప్పాను. మొదటిరోజే తెలుసప్పా అన్నాడాయన. స్టేడియం అని చెప్పేటప్పుడు నా గొంతు వణికిందట.

ఇప్పుడు నాకే షాపుంది. ఈమధ్య ధర్మవరంలో పనిపడి ఆ ఇంటికి వెళ్లాను. రిమోట్ మీద కాగితం పసుపుపచ్చగా మారింది, అక్షరాలు ఇంకా ఉన్నాయి. అవ్వ మగ్గం దిగి చాలా రోజులైందట, హాలు మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను గొంతుతోనే గుర్తుపట్టింది. ఇప్పుడు నీకు రోజూ సెలవే కదవ్వా, అమావాస్యది పెట్టమంటావా అని అడిగాను.

"వద్దులే నాయనా, మగ్గందే ఉండనీ," అంది. "వెనక టిక్కుమంటే ఇప్పటికీ నా చెయ్యి పోగు కోసం పోతాది. ఆడేమో పోగుండదు."

నేను రిమోట్ కింద పెట్టేశాను. షాపుకు వచ్చేవాళ్లు ఏ మోడ్ మంచిదని అడిగితే, తెలియదు, ముందు మీ ఇల్లు వినాలి అంటాను. విని, ఇంత పెద్ద షాపు పెట్టుకుని తెలియదంటాడేమిటని కొందరు నా వంక అదోలా చూస్తారు. పెనుకొండ స్టేషన్లో తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఆ కుర్రాడు మాత్రం లోపల ఎక్కడో హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.