కొంగులో దాచిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఊరికే కొండ ఎక్కేవాళ్ళు కాదు. మొక్కుబడైనా ఉండాలి, పంతమైనా ఉండాలి. ఇప్పుడు మా మనవరాలు ఆదివారం వస్తే చాలు, మేముండే బ్రూక్‌ఫీల్డ్ నుంచి స్నేహితులతో కారులో పోయి ఏదో ఒక కొండెక్కి వస్తుంది. ఎందుకెక్కావే అంటే "ఊరికే అవ్వా" అంటుంది. ఆ "ఊరికే" అన్న మాటకు మా మేనత్త అయితే ఒక పూటంతా తిట్టి ఉండేది.

మా మేనత్త మాతోనే ఉండేది. మగ్గాలకు దారం కండెలు చుట్టేది. చెయ్యి ఎంత చురుకో, నోరు అంతకు రెండింతలు. ఆమెతో కలిసి శివగంగ కొండ ఎక్కిన రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు విసుగే వస్తుంది, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆ కొండ మీద, శిఖరానికి చాలా కిందనే, బండలో రోలులాంటి లోతైన గుంత ఒకటి ఉంది. ఒళకల్లు తీర్థం అంటారు. అందులో చెయ్యి పెడితే పుణ్యం చేసుకున్నవాళ్ళకు నీళ్ళు తగులుతాయని, లేనివాళ్ళకు తగలవని నమ్మకం. వెనక ఒకసారి పోయినప్పుడు అదే ఇంట్లో ఉండే మా పిన్నమ్మకు తగిలాయి, మా అత్తకు తగల్లేదు. ఇంక చూడండి! కొళాయి దగ్గర బిందెల గొడవైనా, చారులో ఉప్పెక్కువైనా, మా పిన్నమ్మ చివరికి అదే మాట తీసేది. "తీర్థంలో నీళ్ళే రాని మనిషివి, నీతో మాటలేం వదినా." అంత నోరున్న మా అత్త అక్కడికి మూగబోయేది. లోపలికి పోయి కండెలు చుట్టుకుంటూ కూర్చునేది.

ఆ ఏడు ఆమె పంతం పట్టి మళ్ళీ బయలుదేరింది. ఈసారి నీళ్ళు తగిలితే ఆ మాట ఇంట్లో ఇంకెప్పుడూ వినపడదని ఆమె ఆశ. కళ్ళారా చూడాలని పిన్నమ్మను కూడా లాక్కొచ్చింది. నన్నెందుకు తెచ్చిందో నాకు తెలియదు, బహుశా మూటలు మోయడానికి. బస్సులో కిటికీ పక్కన కూర్చోనివ్వలేదు. మెట్ల మొదట్లోనే చెప్పులు విప్పించింది. దాహమంటే "పైన తాగుదువులే" అంది. ఆగితే నడవమంది, నడిస్తే పరిగెత్తొద్దంది. నన్ను తిట్టిన గొంతుతోనే కోతులనూ తిట్టింది. అవి నాలాగా పడి ఉండే రకం కాదు కదా, చిత్రాన్నం గిన్నె మూత ఎత్తుకుపోయాయి. దానికి కూడా నాకే అక్షింతలు పడ్డాయి.

తీర్థం దగ్గర ముందు నన్ను పెట్టమన్నారు. భుజం బండకు ఆనేదాకా చెయ్యి దూర్చాను. వేళ్ళకు చల్లటి గాలి తప్ప ఏమీ తగల్లేదు. మళ్ళీ దూర్చాను. వెనక వరుసలో నిలబడినవాళ్ళు "ఆయ్తా? ఆయ్తా?" అని, అయిందా అని కన్నడంలో తొందరపెట్టారు. నా చెయ్యి పొట్టిదన్న సంగతి నాకు తట్టలేదు, పక్కనున్నవాళ్ళు చెప్పనూ లేదు. తర్వాత మా పిన్నమ్మ పెట్టింది. ఆమెకు మళ్ళీ తగిలాయి. తడి వేళ్ళు నా ముఖం ముందు ఆడించి, "నీకు రాలేదా? మీ అత్త పోలికే వచ్చినట్టుండాది" అని నవ్వింది.

నాకు ఏడుపు ఆగలేదు. పాపమంటే ఏమిటో తెలియని వయసులో, అంతమంది ముందు, నేను పాపినని తేలిపోయింది. ఇక ఇంట్లో ఆ మాట నా మీదకూ వస్తుందని భయం పట్టుకుంది.

అప్పుడు మా అత్త కొంగు బిగించి బండ మీద దాదాపు బోర్లా పడి చెయ్యి లోపలికి పెట్టింది. కాసేపు కదల్లేదు. తల తిప్పి నా వైపు చూసింది. ఏడ్చినందుకు తిట్టబోతోందనుకున్నాను. మెల్లగా చెయ్యి బయటికి తీసి, తీస్తూనే కొంగులో చుట్టేసుకుంది.

"నాకూ రాలేదప్పా. ఇద్దరికీ రాలేదు, సరిపాయ. ఏడుపు చాలించి పైకి నడు."

మోకాళ్ళ నొప్పులని పిన్నమ్మ అక్కడే కూలబడింది. అక్కడి నుంచి పైకి అంతా నిటారు బండ. రాతిలోనే చెక్కిన మెట్లు, పక్కన ఇనుప కమ్మీలు. కిందకు చూసి నేను మెట్టు మీదే ఆగిపోయాను. మా అత్త ఎడమ చేత్తో కమ్మీ పట్టుకొని ఎక్కుతోంది కానీ, కుడి చెయ్యి మాత్రం కొంగులోంచి తీయదు. చెయ్యి ఇయ్యి అత్తా అని బతిమాలాను. "ఎనక చీర పట్టుకో, చాలు" అంది. ఏం మనిషి ఈమె అని నాకు ఒళ్ళు మండిపోయింది.

శిఖరం మీద గాలి మనిషిని నిలబడనివ్వదు. ఒక్క విసురుకు కొంగు చెదిరిపోయింది. దాన్ని పట్టుకొని, అలవాటు చొప్పున, ఆమె నా ముఖం మీది కన్నీళ్ళు తుడిచింది. కొంగు చల్లగా తగిలింది. చూస్తే అరచెయ్యంత మేర తడిసి ఉంది.

"అత్తా, నీకు నీళ్ళు తగిలినాయి!"

"చెమట."

"చెమట ఇంత చల్లగా ఉంటుందా?"

"ఉంటాది. సుమ్నే, నోరు మూసుకొని చిత్రాన్నం తిను."

కిందకు దిగాక నేను పిన్నమ్మతో చెప్పకుండా ఉంటానా? చెప్పాను. "ఏడ్చి ఏడ్చి పిల్లకు తల తిరిగుండాది" అని మా అత్త నన్నే అబద్ధాలకోరును చేసింది. నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ చెయ్యి ఒక్కసారి చూపించి ఉంటే పిన్నమ్మ నోరు జన్మంతా మూతపడేది. ఎన్నేళ్ళు ఎదురుచూసిందో దానికోసం!

ఆ తర్వాత కూడా ఇంట్లో ఆ ఎత్తిపొడుపు ఆగలేదు. కాకపోతే మా అత్త మునుపటిలా మూగబోలేదు. నన్ను పక్కకు లాక్కొని "మా ఇద్దరికీ రాలేదులే, ఇప్పుడేమంటావు?" అనేది. పోయేదాకా అదే మాట మీద ఉంది.

మొన్న ఆదివారం మా మనవరాలు శివగంగకే పోయి వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, తన తడి చేతి ఫోటో చూపించింది. "అవ్వా, నాకు నీళ్ళు తగిలాయి!" అని ఒకటే గంతులు.

"నీతో వచ్చిన పిల్లకు తగిలాయా?" అన్నాను.

"లేదు. పాపం, మొహం మాడ్చుకుంది."

"మరి ఆ పిల్ల ముందే ఇట్లా ఎగిరావా?"

ఏది చెప్పినా నీకు ఇదే పని అవ్వా, అని విసుక్కొని లోపలికి పోయింది. విసుక్కోనీ. ఆ బండ మీద, మా అత్త చీర పట్టుకొని ఎక్కుతూ, నేనూ ఇంతే విసుక్కున్నాను.