సగం కథ చెప్పిపోయిన అక్క

మా మేడం పొద్దున పూట వంటింట్లోకి రాదు. ఆ శుక్రవారం వచ్చింది. పొయ్యి మీద ఉడుకుతున్న శనగల కింద మంట తనే తగ్గించి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందని చెప్పింది. తలలో నరం చిట్లి నాలుగు రోజులుగా కళ్ళు తెరవకుండా పడుకున్న మా అక్క ఇక లేదని ఆ చెయ్యి పడగానే నాకు తెలిసిపోయింది. మేడం కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. నేను మంట మళ్ళీ పెంచాను. శనగలు ఉడకాలి కదా అనుకున్నాను. ఆ సమయంలో అలా ఎందుకు అనిపించిందో ఇప్పటికీ అర్థం కాదు.

అక్క అంటే తోడబుట్టినది కాదు. ఆమెది కెన్యా దేశంలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాది రాయచోటి పక్కన ఒక పల్లె. ఖతార్‌లోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లా వంటింట్లో ఐదేళ్ళు పక్కపక్కన నిలబడి పని చేశాం. వంట ఆమెది, ఇల్లు ఊడ్చి తుడవడం, బట్టలు, కూరగాయలు తరగడం నావి. ఆమె గురించి రాయమని మా అమ్మాయి పట్టుబట్టింది. పదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది, తప్పులుంటే సర్దుకోండి.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె అంటే నాకు భయం. మనిషి తలుపంత ఎత్తు, గొంతు వీధి చివరికి వినబడుతుంది. ఆఫ్రికా ఆడవాళ్ళ గురించి ఏజెంటు దగ్గర కూర్చున్నప్పుడు ఎవరెవరో ఏవేవో కూశారు. నేను అవన్నీ నమ్మి మూట కట్టుకుని విమానం ఎక్కాను. ఇద్దరికీ ఒకే గది. వచ్చిన రోజే నా పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పుస్తెల తాడుకు గుచ్చుకున్నాను. ఆమె చూసింది. వారం తిరక్కుండా నాకు జ్వరం వచ్చింది. బియ్యం మెత్తగా ఉడికించి, గంజి గిన్నెలో పోసి, నన్ను లేపి కూర్చోబెట్టింది. నేను వంగి తాగబోతుంటే ఆమె నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"ఆ తాళంచెవి గంజిలో పడతాది, సూసుకో."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పెట్టెకు మళ్ళీ తాళం వేయలేదు. మా మధ్య నడిచింది వంటింటి అరబీ, నాలుగు క్రియలు, చేతులు, కళ్ళు. కానీ ఆమె మాటలు నా చెవికి మా సీమ మాటల్లాగే వినబడేవి. అందుకే అలాగే రాస్తున్నాను.

ఆమె దగ్గర మూడు రంగుల బట్టలు ఉండేవి, నడుముకు చుట్టుకునేవి. వాటి అంచు మీద వాళ్ళ భాషలో ఒక్కో మాట అచ్చు వేసి ఉంటుంది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు నోటితో అనలేనిది బట్ట కట్టుకుని అంటారట. పసుపుపచ్చది కట్టుకుని వంటింట్లోకి వచ్చిందంటే నా మీద కోపం వచ్చిందని అర్థం. దాని మీద "ముందు నీ వాకిలి ఊడ్చుకో" అని ఉంటుందట. ఏడాది పాటు ఆ సంగతి తెలియక, పసుపు నీకు బాగుంది అక్కా అని మెచ్చుకుంటూ వచ్చాను. తెలిశాక ఇద్దరం పడీపడీ నవ్వాం. అలిగి మాట్లాడకుండా ఉండటం నాకు చేతనైన విద్య. ఆమె ముందు అది ఎప్పుడూ పూట దాటలేదు.

ఆమెకు ఒక్కతే కూతురు. నాలుగేళ్ళ పిల్లను తల్లి దగ్గర వదిలి ఖతార్ వచ్చింది. నేను చేరిన ఏడాదే సెలవు మీద ఇంటికి పోయి, నెల తర్వాత సగమై తిరిగొచ్చింది. ఏమైందని అడిగితే మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు బియ్యం కడుగుతూ చెప్పింది. ఇంటి ముందు దిగగానే పిల్ల అమ్మమ్మ వెనక దాక్కుందట. ఫోన్‌లో ఉండే ఆమె వచ్చిందని అమ్మమ్మకు చెప్పిందట. నెల రోజులూ ఆ పిల్ల ఆమె పక్కన పడుకోలేదు.

"కన్నది నేను. ఆ పాపకు నేనొక ఫోను," అంది. బియ్యం నీళ్ళు మూడుసార్లు చాలు. ఆ రోజు ఆరుసార్లు కడిగింది.

అప్పుడే కథలు మొదలుపెట్టింది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక, సాయంత్రం టీకి ముందు మాకు గంట తీరిక. వంటింటి వెనక బట్టలు ఉతికే గదిలో బకెట్ బోర్లించి కూర్చుని, ఫోన్‌లో కథ చెప్పి పంపేది. పిల్ల బడి నుంచి వచ్చాక అమ్మమ్మ ఫోన్‌లో వింటుంది. మొదటి రోజు నేను బట్టలు మడతపెడుతూ చూశాను. "హదీతి హదీతి" అంది. ఆగింది. ఫోన్ వంక చూసింది. చెరిపేసి మళ్ళీ "హదీతి హదీతి" అంది. మళ్ళీ ఆగింది. అలా నాలుగైదు సార్లు.

"మా తట్టు కథకు కాళ్ళుండవు," అంది చివరికి. "కథా కథా అని నేనంటే, కథా రా అని వినేవాళ్ళు పిలవాల. పిలిస్తేనే వస్తాది. ఈ ఫోను పిలవదు కదా."

"మా తట్టూ అంతే. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళు లేచిపోతారు," అన్నాను.

"అట్లయితే నువ్వు కొట్టు."

వాళ్ళ భాషలో జవాబు "హదీతి ఎన్జో". ఎన్నిసార్లు ప్రయత్నించినా నా నాలుక తిరగలేదు. ఆమె విసిగిపోయి, మీ ఊరి ఊ చాలులే అంది. అలా మొదలైంది నా కొత్త డ్యూటీ. అర్థం కాని భాషలో కథ వింటూ, ఆమె చెయ్యి ఎత్తినప్పుడల్లా ఊ కొట్టాలి. ఒకరోజు మేక చచ్చిపోయిన చోట నేను సంతోషంగా ఊ కొట్టాను. ఆ ఆంటీకి మేకంటే ఎందుకంత కోపం అని పిల్ల అడిగి పంపింది. అప్పటి నుంచి అక్క ప్రతి కథా ముందు నాకు అరబీలో చెప్పేది. ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడో, బుఖూర్ కోసం బొగ్గు రాజేస్తున్నప్పుడో. మన సాంబ్రాణిలాంటిది బుఖూర్, ఈ ఇంట్లో రోజూ సాయంత్రం వేయాలి.

ఏ కథా ఒకేరోజు ముగించేది కాదు. సగం ఇవాళ, సగం రేపు. ఎందుకని అడిగితే, "కడుపు నిండా పెడితే రేపు నా తట్టు సూడదు," అనేది. తల్లి మనసులో అంత లెక్క ఉంటుందా అనుకున్నాను. కానీ ఆ లెక్క ఫలించింది. ఆరు నెలలు తిరిగేసరికి పిల్ల తనంతట తనే ఫోన్ చేసి, నిన్నటి కుందేలు ఏమైందని అడగడం మొదలుపెట్టింది. మరుసటి సెలవులో అక్క దిగేసరికి బస్సు ఆగే చోటే నిలబడి ఉందట. ఆ సంగతి చెప్పేటప్పుడు అక్క నా నడుం పట్టుకుని వంటింట్లో రెండు చుట్లు తిప్పింది. నేను గిన్నెల బుట్ట మీద పడ్డాను.

ఆమె కథలన్నిట్లోనూ ఆడపిల్లలే. నీళ్ళకు పోయే పిల్ల, ఏటికి అడ్డంగా నడిచే పిల్ల, చెట్టెక్కి చిరుతను తిట్టే పిల్ల.

"మీ కథల్లో రాజులుండరా?" అని అడిగాను.

"ఉండారు. మా పాపకు దావలో రాజు ఎదురుపడడు. దుమ్ములగొండి ఎదురుపడతాది. దాంతో ఎట్ల మాట్లాడాల్నో తెలిసుండాల."

ఒక కథలో అడవులు, జంతువులు ఏవీ లేవు. తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపొమ్మన్న పిల్ల, చంకలో చిన్న తమ్ముణ్ణి పెట్టుకునే బడికి వెళ్ళి పరీక్ష రాస్తుంది. బాగుంది అక్కా అన్నాను. ఆమె నవ్వలేదు. రెండో రోజుకు నాకు వెలిగింది. ఆమెను పద్నాలుగో ఏట బడి మాన్పించారు. నలుగురు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆమె వీపు మీదే పెరిగారు. ఆ పరీక్ష ఆమె రాయలేదు. కూతురి కోసం కథలో రాసేసింది.

నాకు ఆమె మీద ఈర్ష్య కూడా ఉండేది, చెప్పకుండా ఉంటే తప్పు. నాకూ ఊళ్ళో కూతురుంది. కడప హాస్టల్లో చదువుకుంటోంది. నేను ఫోన్ చేసి తిన్నావా, చదివావా అని రెండు ముక్కలు అడిగి పెట్టేసేదాన్ని. ఒకరోజు అక్క ఆ మాటల వరస గమనించి, "నువ్వు కూతురితో మాట్లాడతాండావా, హాజరు ఏస్తాండావా?" అంది. కోపమొచ్చింది. పూట గడిచాక కోపం పోయింది, ఆ మాట మాత్రం ఉండిపోయింది. ఆ వారమే మా అమ్మాయికి ఈ ఇంటి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. పసుపు బట్ట సంగతి చెబితే అది హాస్టల్ అంతా వినబడేలా నవ్వింది.

ఆమె చివరి కథ దుమ్ములగొండిదే. ఇంట్లో తల్లికి జ్వరం, పొయ్యిలో నిప్పు లేదు. కూతురు దూరాన ఉన్న అమ్మమ్మ ఇంటికి పోయి కుండపెంకులో నిప్పులు తెస్తుంటుంది. దారికి అడ్డంగా దుమ్ములగొండి కూర్చుంటుంది. ఈ అడవంతా చూసేశాను, నేను చూడనిది ఏదైనా ఉంటే చెప్పు, చెప్తే వదిలేస్తా, లేకపోతే తినేస్తా అంటుంది. అక్కడ ఆపి ఫోన్ కట్టేసింది. మరుసటి రోజు పొద్దున రొట్టె కాలుస్తూ పొయ్యి పక్కనే కూలిపోయింది. ఆసుపత్రికి ఒక్కసారి వెళ్ళాను. ఆమె చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఆ చెయ్యి లేస్తే ఊ కొడదామని చూస్తూనే ఉన్నాను. లేవలేదు.

అక్క పెట్టె మేడమే దగ్గరుండి సర్దించింది. మూడు బట్టలు, చెప్పులు, ఫోన్, పిల్ల కోసం కొని దాచిన స్కూల్ బ్యాగు. ఆమెతోపాటే అన్నీ విమానంలో వెళ్ళాయి.

పది రోజుల తర్వాత నా ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. నాకు రాని భాష, మా అమ్మాయికి పంపాను. అది వెంటనే ఫోన్ చేసింది. తెలుగులో చదివి వినిపించింది. అక్క కూతురు రాసింది. "ఆంటీ, నేను కథలో ఊ అనే ఆంటీ కోసం రాస్తున్నాను. దుమ్ములగొండి ఇంకా దారిలోనే కూర్చుని ఉంది. ఆ అమ్మాయి ఇంటికి చేరిందా?"

పదేళ్ళ పిల్ల. ఈ భూమ్మీద ఆ కథ మిగతా సగం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అదీ బొగ్గు మీద ఊదుతూ, అరబీలో ఒక్కసారి చెప్పగా విన్నది. రెండు రోజులు జవాబు పంపలేదు. మూడో రోజు మా అమ్మాయికి కోపమొచ్చింది.

"ఆ పాప కాసుకోని ఉండాది మా. తెలిసినంత చెప్పు, నేను ఇంగ్లీషులో చెప్తా."

"కథలో అమ్మకు జొరం తగ్గతాది పాపా. లేసి కూర్చుంటాది. ఆ పాపకు ఇప్పుడది ఎట్ల చెప్పేది?"

"అది వాళ్ళమ్మ చెప్పాల్సిన కథ మా. ఆమె ఎట్ల చెప్పిందో అట్లే చెప్పు. మార్చేదానికి మనమెవరం?"

ఆ సాయంత్రం బుఖూర్‌కు బొగ్గు రాజేస్తూ వంగి ఊదుతుంటే, మరిచిపోయాననుకున్న చివరి ముక్క కూడా గుర్తొచ్చింది. మరునాడు మధ్యాహ్నం అక్క కూర్చునే బకెట్ మీదే కూర్చుని మా అమ్మాయికి చెప్పాను. అది ఇంగ్లీషులో రికార్డు చేసేటప్పుడు ఊ కొట్టే చోట్ల ఆగమన్నాను. నువ్వే కొట్టు మా అంది. కొట్టనన్నాను. ఈసారి చెప్పేది మేము, అది మా వంతు కాదు. ఖాళీలు ఖాళీగానే ఉంచి పంపాం.

ఆ మరునాడు పిల్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది. మాట కాదు, ఒక రికార్డింగు. పెట్టెలో వచ్చిన తల్లి ఫోన్‌లో మేము పంపిన కథ పెట్టి, అమ్మమ్మ ఫోన్‌తో రికార్డు చేసినట్టుంది. దూరంగా మా అమ్మాయి గొంతు. "హదీతి హదీతి" అంటుంది, ఆగుతుంది. ఆ ఖాళీలో దగ్గరగా, చిన్న గొంతుతో "హదీతి ఎన్జో". నీ వీపు నువ్వెప్పుడైనా చూశావా అని అమ్మాయి దుమ్ములగొండిని అడుగుతుంది. "ఊ." అది మెడ తిప్పి, వీపు కనబడక గిరగిర తిరుగుతూనే ఉంటుంది. "ఊ." అమ్మాయి నిప్పులు ఆరిపోకుండా దారి పొడవునా ఊదుకుంటూ ఇంటికి చేరుతుంది. "ఊ." పొయ్యి వెలుగుతుంది, తల్లి లేచి కూర్చుని, ఇంతసేపు ఎక్కడున్నావే అని అడుగుతుంది.

అక్కడ చాలాసేపు ఏమీ వినబడదు. ఎక్కడో కోడి అరుస్తుంది, ఎవరో బకెట్ కింద పెడతారు. ఇక అనదేమో అనుకున్నాను. మా అమ్మాయి చివరి మాట చెప్పేస్తుంది. దారిలో ఒకరికి వాళ్ళ వీపు చూపించి వచ్చానమ్మా అని.

అప్పుడు ఆ పాప నోట వినబడుతుంది, మా ఊరి గొంతుతో, మా రాయచోటి పిల్ల అన్నట్టే, "ఊ."