నాలుగో గీత

ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. ఉంటే బాగుండేది... నా సిగ్గు కొంతైనా తగ్గేది.

ఎనభైల్లో అనంతపురం జిల్లాలో ఒక ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. అప్పుడే ఊపిరి కొలిచే యంత్రం వచ్చింది. రోగి గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే, కాగితం చుట్టిన డ్రమ్ము మీద పెన్ను గీత గీస్తుంది. ఆ గీతలు చదవడం అక్కడ నాకొక్కడికే వచ్చు. అందుకే నాకు కాస్త మిడిసిపాటు.

పామిడి దగ్గర కంకర కొట్టే నరసింహులు ఆయాసంతో వచ్చాడు, వెంట భార్య. మూడుసార్లు ఊదించాను. గాలంతా పెదాల పక్కనుంచి పోతోంది. "పెదాలు బిగించి ఊదవయ్యా," అని కసిరాను. తల దించుకున్నాడు. మూడు గీతలూ మూడు రకాలుగా వచ్చాయి. నిజంగా ఊదితే ఒకేలా రావాలని చదువుకున్నాను. "కావాలనే సరిగా ఊదలేదు" అని రాసేశాను.

"ఒక మంచం ఇయ్యి సార్. పండుకుంటే ఊపిరి ఆడ్తాలేదు," అన్నాడు.

"నాటకాలాడకు, ఇంటికి పో," అన్నాను.

చివరి బస్సు పోయింది. ఇద్దరూ వరండాలోనే ఉండిపోయారు.

ఆ రాత్రి డ్యూటీ నాదే. కరెంటు పోయింది. పరీక్ష గదిలోంచి... హూ... అని చప్పుడు. ఎవరో ఊదుతున్నారు. టార్చి వేశాను. ఎవరూ లేరు. గొట్టం కొక్కేనికి వేలాడుతోంది. కరెంటు లేదు... డ్రమ్ము తిరుగుతోంది. పెన్ను గీస్తోంది... మెల్లగా... ఇంకా మెల్లగా... ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా పాడు అలవాటు, నిలబడి ఆ గీతను చదివాను. ఊపిరి దారులు బాగా మూసుకుపోయిన మనిషి గీత అది. వంక పెట్టడానికి లేదు. పెన్ను ఆగింది.

వరండాకు పరుగెత్తాను. నరసింహులు గోడకు ఆనుకుని కూర్చునే పోయాడు.

భార్య నా వైపు చూడలేదు. "పదిమంది నోట్లో పెట్టుకున్న గొట్టం గదా సార్. ఎంగిలని పెదాలు ఆనించల్యా. మీకు చెప్పేకి సిగ్గుపడినాడు," అంది. కడిగిన గొట్టం ఇంకొకటి నా సొరుగులోనే ఉంది. ఎందుకలా ఊదుతున్నావని నేను ఒక్కమాట అడగలేదు.

తర్వాత చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేలోగా పాత రిపోర్టు చించేశాను. "జబ్బు తీవ్రం, చేరమన్నా చేరలేదు" అని కొత్తది రాశాను. రుజువుగా ఆ నాలుగో గీతను అంటించాను. పెద్ద డాక్టరు చూసి, బాగా చదివావని మెచ్చుకున్నాడు.

ఆ రాత్రి డ్రమ్మును గాలి కదిలించిందా... ఎలుక తగిలిందా... ఏమో, నాకిప్పటికీ తెలియదు. ఎవరిదో తెలియని ఆ గీత కింద, నా చేత్తో నేనే నరసింహులు పేరు రాశాను.