ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు

మొన్న అశోక్‌నగర్‌లో కిరాయి ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. అందులో ఉంటున్నవాళ్ళు ఇంకా ఖాళీ చెయ్యలేదు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. పొయ్యి దగ్గరున్న ఇల్లాలు నావైపు తిరగలేదు. నేను గుమ్మం బయటే ఆగిపోయాను.

నాకు ఏడేళ్ళప్పుడు మేం చిక్కడపల్లిలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం ఓనరమ్మ ఒక జంటను వెంటబెట్టుకొని వచ్చి, "జర ఇల్లు చూస్తరు" అంది అమ్మతో. చుట్టాలొచ్చారని నేను సంబరపడిపోయాను. వచ్చినావిడ చెయ్యి పట్టుకొని అన్నీ చూపించాను.

"నల్లా నీళ్లు మస్తుగ వస్తయి ఆంటీ. ఈ కిటికీ తీస్తే ఫ్యాన్ గూడ వద్దు."

ఆయన జేబులోంచి టేపు తీసి, నా మంచం వెనక గోడను కొలిచాడు. "బీరువా ఇక్కడ పడతది" అన్నాడు భార్యతో.

"అంకుల్, అక్కడ నేను పండుకుంట" అన్నాను.

ఆయన నా తల నిమిరి, టేపు జేబులో పెట్టుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వచ్చినవాళ్ళకు చాయ్ కూడా ఇవ్వలేదని నాకు సిగ్గేసింది. పెంచిన కిరాయి ఇవ్వలేనని నాన్న ఓనరమ్మకు చెప్పేసిన సంగతి నాకు తెలియదు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "మళ్ల ఎప్పుడొస్తరమ్మా?"

"ఒకటో తారీఖుకు" అంది అమ్మ.

ఆ మాటకు ఎంత సంతోషించానో! రోజూ క్యాలెండర్ ముందు నిలబడి, ఇంకా ఎన్ని రోజులున్నాయో పైకి లెక్కపెట్టేదాన్ని. వెనకాల అమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతూ వినేది. ఆ లెక్క ఆమె చెవికి ఎలా వినపడిందో, పిల్లల తల్లినయ్యాక గానీ నాకు తట్టలేదు.