మావయ్య మెడ

మా మావయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, కటింగ్ షాపు నడిపేవాడు. ముందు షాపు, వెనక మా ఇల్లు. మధ్య తలుపు మీద ఎప్పుడూ తడి తువ్వాళ్ళు ఆరుతుండేవి. వాటిని ఉతకడం నా పని. ఇప్పటికీ ఎక్కడైనా గడ్డం సబ్బు వాసన తగిలిందంటే చాలు, ఆ రోజులన్నీ వచ్చి పక్కన కూర్చుంటాయి. మచ్చలు పడ్డ పెద్ద అద్దం, గరగరలాడే రేడియో, దానికంటే పెద్దగా మావయ్య నోరు.

మనిషి మంచోడే. "మనకి అందరూ ఒకటేనమ్మా. నురగ పూశాక ఏ మొహమైనా తెల్లగానే ఉంటుంది" అనేవాడు. నేనూ నిజమే అనుకున్నా. ఆయనా నిజమే అనుకున్నాడు, పాపం.

వయసు మీదపడి చేతులు వణకడం మొదలైంది. మా ఆయనకి లారీ తోలడం తప్ప కత్తెర పట్టడం రాదు. మనిషిని పెట్టుకోకపోతే షాపు మూసేయాల్సిందే. ఎంత వెతికినా ఒక్కడే దొరికాడు. అతనేమో ఏటి అవతలివాడు.

మా వీధిలో ఏటి అవతలివాళ్ళంటే అదో రకం చూపు. ముక్కు మీద కోపమట, మాట తేడా వస్తే కత్తి తీస్తారట. ఎవరైనా చూశారా అంటే ఒక్కరూ చూడలేదు. అందరూ విన్నవాళ్ళే.

వచ్చినాయన నెమ్మదైన మనిషి. జుట్టు కత్తిరిస్తుంటే పని మానుకుని చూడబుద్ధేసేది. కానీ మావయ్య అతనికి కత్తెర, దువ్వెన ఇచ్చాడే గానీ గడ్డం కత్తి ఇవ్వలేదు. కత్తులన్నీ సొరుగులో, తాళంచెవి తన జేబులో. గడ్డానికి ఎవరైనా వస్తే ఆ వణికే చేత్తో తనే గీసేవాడు. చూసేవాళ్ళకి గుండె దడ.

"కొత్తవాడు కదే, కాస్త చెయ్యి కుదరనీ" అనేవాడు అత్తయ్యతో.

"అప్పట్లో పనికొచ్చిన మీ మేనల్లుడికి మర్నాడే కత్తి ఇచ్చారుగా! వాడు ఎదురు కొట్లో తాళాలు బాగుచేసే ఆయన చెవి కోసి పెట్టాడు. అప్పుడు గుర్తురాలేదా ఈ కుదరడాలు?"

మావయ్య రేడియో ఇంకా పెద్దగా పెట్టాడు.

కొన్నాళ్ళు చూసి చూసి, ఒకరోజు అతను కత్తెర తుడిచి బల్ల మీద పెట్టేశాడు. "వెళ్ళొస్తాను పెద్దాయనా."

"ఏమైందయ్యా?"

"కత్తి పట్టని మంగలిని ఎక్కడైనా చూశారా? నేనంటే భయమైతే భయమని చెప్పండి. కొత్తవాడు, కొత్తవాడు అని మాత్రం అనకండి, వినలేకపోతున్నా."

మావయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "నాకా భయం?" అంటూ సొరుగు తెరిచి, కత్తి అతని చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. "గీయి. నాకే గీయి!"

అత్తయ్యా నేనూ తలుపు దగ్గర నిలబడిపోయాం. అతను నురగ పూశాడు. కత్తి గొంతు దగ్గరికి వచ్చిందో లేదో, మావయ్య మెడ కర్రలా బిగుసుకుపోయింది. చేతులు కుర్చీని గట్టిగా పట్టేశాయి.

అతను ఆగిపోయాడు. "మెడ ఇంత బిగిస్తే ఎవరు గీసినా తెగుతుంది పెద్దాయనా" అని, మెల్లగా నురగ తుడిచేసి వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు, అదే మావయ్యని కోసేసింది.

ఆ పూట కంచం పక్కకి జరిపేశాడు మావయ్య. "అందరూ ఒకటే అంటూ ఇన్నేళ్ళు బతికానే. నా మెడ మాత్రం ఒప్పుకోలేదు."

"మెడకేం తెలుసండీ? మీరు నేర్పిందే నేర్చుకుంది. ఇప్పుడు ఇంకోటి నేర్పండి" అంది అత్తయ్య.

పొద్దున్నే అతని గదికి వెళ్ళి తలుపు కొట్టాడు మావయ్య. "భయమేనయ్యా. నీ తప్పేం లేదు, నాదే. అది వదిలేదాకా రోజూ నువ్వే నాకు గీయాలి" అన్నాడు. అతను చెప్పులేసుకున్నాడు.

అప్పట్నుంచి రోజూ అదే వరస. తలుపులు బార్లా తీసి, వీధిలోకి కనబడే కుర్చీలోనే కూర్చునేవాడు మావయ్య. మొదట్లో కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. తర్వాత తర్వాత అద్దంలో అతని మొహం చూడసాగాడు. మాటలు కలిశాయి.

"మా వైపు ఈ ఒడ్డువాళ్ళ గురించి ఏమంటారో తెలుసా? నవ్వుతూ నవ్వుతూ గొంతు కోసే రకం అంటారు" అన్నాడతను ఒకరోజు.

మావయ్య పగలబడి నవ్వాడు.

"అయ్యో, నవ్వకండి! చేతిలో కత్తి ఉంది!"

వీధిలో జనం చూస్తూ పోయేవాళ్ళు గానీ ఎవరూ లోపలికి వచ్చి గడ్డం ఇచ్చేవాళ్ళు కాదు. తాళాలాయన అయితే, "ఏం బావా, ప్రాణం మీద విసుగు పుట్టిందా?" అని రోజూ గుమ్మంలోంచి వేళాకోళం.

ఒక వానాకాలం పొద్దున తువ్వాళ్ళు పట్టుకెళ్ళానా, లోపల గురక! మావయ్య తల వెనక్కి వాల్చి, గొంతు మొత్తం పైకి పెట్టి, సగం గడ్డంతో నిద్రపోతున్నాడు. అతను కత్తి ఎత్తి పట్టుకుని, లేపబుద్ధి కాక అలాగే నిలబడ్డాడు. గుమ్మంలో తాళాలాయన, వేళాకోళం మర్చిపోయి, ఆ గురకే వింటున్నాడు. కాసేపటికి గొడుగు మూసి, లోపలికొచ్చి రెండో కుర్చీలో కూర్చున్నాడు.

"ఆయన లేచేలోపు నాది కానిచ్చేయ్ బాబూ."

ఆ చప్పుడుకి మావయ్యకి మెలకువ వచ్చింది. "ఒరేయ్, మరి నా సగం గడ్డం?"

"నిద్రపోయినవాళ్ళ వంతు తర్వాత బావా" అంటూ తాళాలాయన తల వెనక్కి వాల్చాడు.