గోడ అవతలి గొంతు

సన్నగా, పొడుగ్గా ఉంటాడని తోటివాళ్ళు అతన్ని నిచ్చెన అనేవారు. ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కేబుళ్ళు వేయడం అతని పని. సీలింగ్ పలక పక్కకు జరిపి, తల లోపలికి దూర్చి అతను కేబుల్ తోస్తుంటే, గోడకు అవతలి గదిలో అతనికి జోడీగా పనిచేసే అమ్మాయి అందుకునేది.

"వచ్చిందా?"

"ఇంకాస్త తొయ్యి... ఆగాగు! దుమ్మంతా నా నెత్తినే పోస్తావా ఏంటి?"

ఆ గొంతు వింటూ ఉంటే అతనికి రోజు ఇట్టే గడిచిపోయేది. మనసులో మాట చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. గోడ అడ్డం ఉన్నంతసేపూ ధైర్యం ఉండేది. ఎదురుపడగానే స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కునేవాడు.

ఒకరోజు సూపర్‌వైజర్ ఒక చిన్న కార్డు తెచ్చి లాప్‌టాప్‌లో గుచ్చాడు. గోడకు బిగించిన సిగ్నల్ పెట్టెకూ దానికీ మధ్య తీగ లేదు. సమాచారమంతా రేడియో తరంగాల మీదే వస్తుందన్నాడు. ఒక్క పేజీ తెరుచుకునేసరికి టీ చల్లారిపోయింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇది కుదురుకుందంటే మనిద్దరిలో ఒకరికి పనుండదు" అంది.

కుదురుకుంది. ఏటేటా వేగం పెరిగింది. కార్డు లాప్‌టాప్ లోపలే ఇమిడిపోయింది, ఆపైన ఫోన్లలోకీ వచ్చేసింది. కేబుల్ పని తగ్గి, ఆమె వేరే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. బస్టాండులో అతను "అక్కడ సిగ్నల్ బాగుంటుందేమోలే" అన్నాడు. అదీ ఒక మాటేనా అని ఇంటికొచ్చాక తనను తానే తిట్టుకున్నాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా "చూద్దాంలే" అని దాటేసేవాడు.

ఒక్కడే లాప్‌టాప్ పట్టుకుని గదులన్నీ తిరిగేవాడు. ఇనుప బీరువా సిగ్నల్‌ని అడ్డుకుంటుందని, పక్కపక్క పెట్టెలు ఒకే ఛానెల్‌లో ఉంటే ఒకదాని మాటకు ఇంకొకటి అడ్డొస్తుందని నేర్చుకున్నాడు. పాత రకం తరంగాల బ్యాండు నిదానమే అయినా గోడలు దాటుతుంది. కొత్తది పరుగెడుతుంది గానీ రెండో గోడకే చతికిలపడుతుంది. గోడ పక్కన నిలబడి అలవాటుకొద్దీ "వచ్చిందా?" అనేవాడు. "ఏమొచ్చిందండీ?" అని ఆఫీసువాళ్ళు వింతగా చూసేవారు.

జుట్టు నెరిశాక, ఆమె పనిచేసే ఆసుపత్రికే వైఫై పెట్టే పని పడింది. ఎక్స్‌రే గది గోడల్లో సీసం రేకులుండడంతో సిగ్నల్ లోపలికి పోలేదు. లోపలే ఇంకో పెట్టె పెట్టి, దానికి కేబుల్ లాగాలి. అనుమతి కోసం మెయింటెనెన్స్ గదికి వెళ్తే, కుర్చీలో ఆమె.

"నిచ్చెనా! ఎంత వంగిపోయావు!"

టీ తాగుతూ, ఈసారి ఎదురుగానే చెప్పేశాడు. "అప్పట్లో నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె కప్పు కిందపెట్టింది. "తెలుసు. ఆ మాట కోసం చాలా కాలం చూశాను. తర్వాత చూడ్డం మానేశాను."

సాయంత్రం ఆమెను తీసుకెళ్ళడానికి భర్త వచ్చాడు. "మీ గురించి ఎప్పుడూ చెబుతుంటుందండీ. భోజనానికి రావాల్సిందే" అని పట్టుబట్టి ఇంటికి లాక్కెళ్ళాడు. పడగ్గదిలో వైఫై సరిగ్గా అందట్లేదని వాళ్ళంటే, నిచ్చెన టీవీ వెనకున్న రౌటర్‌ని హాల్లో అలమర మీదికి మార్చి, తన ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూశాడు. "ఇప్పుడు బొమ్మ ఆగట్లేదు అంకుల్!" అని లోపల్నుంచి వాళ్ళమ్మాయి కేక పెట్టింది.

ఊరికి తిరిగొచ్చాక, ఫోన్‌లో సేవ్ అయిన పాత నెట్‌వర్క్‌లు ఒక్కొక్కటే తీసేస్తూ వాళ్ళింటి వైఫై పేరు దగ్గర ఆగాడు. ఇంత దూరంలో అది ఎలాగూ దొరకదు. అయినా అలాగే ఉంచేశాడు.