బాత్రూంలో రాగి చెంబు

కాలేయంలో రాగి ఎంత పేరుకుందో తెలియాలంటే ఇప్పటికీ సూది గుచ్చి ముక్క తీయాల్సి వస్తుంది. సూది అవసరం లేకుండా, స్కానింగులోనే రాగి మెరిసి కనపడేలా చేసే ఒక మందు మీద నా పరిశోధన. ప్రస్తుతానికి ఎలుకల్లో పనిచేస్తోంది. ఈ మాట కొల్లాపూర్ బస్సులో పక్క సీటాయనకు కూడా చెప్పకుండా ఉండలేను.

మా చెల్లెలిది ఆ జబ్బే. రాగి బయటికి పోక ఒంట్లోనే మిగిలిపోతుంది. పుట్టుకతో వచ్చేది కాబట్టి తోబుట్టువులూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. అన్ని ఎలుకల కాలేయాల్లోకి తొంగిచూసిన నాకు, నా సంగతి చూసుకోవడానికి మాత్రం తీరిక దొరకలేదు. తీరిక కాదు, భయం. చెల్లెలు పోరగా పోరగా, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒప్పుకున్నాను.

ఒక పగలూ రాత్రీ మూత్రమంతా క్యానులో పట్టి నాగర్‌కర్నూల్‌లో ల్యాబుకు ఇవ్వాలి. క్యానుకు రవ్వంత రాగి కూడా అంటకూడదని ల్యాబు వాళ్లకే క్లాసు పీకి వచ్చాను.

ఫలితం చూసి అరుగు మీద కూలబడ్డాను. చెల్లెలికి జబ్బు బయటపడినప్పుడు కూడా అంత రాగి లేదు. వెంటనే ఆ జబ్బు ఉన్నవాళ్లకు లాగే చేతులు వణుకుతున్నట్టు అనిపించింది. వాళ్ల కళ్లలో వచ్చే రాగిరంగు వలయం నాకూ ఉందేమోనని ఫోన్లో చూసుకున్నాను. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. చెల్లెలు మాత్రం నా పక్కన కూర్చుంది.

"అన్నా, దేంట్ల పట్టినవ్?"

"క్యాన్లనే."

"సీదా క్యాన్లనేనా?"

"కాదు, బాత్రూంల చెంబుతోని పట్టి, అండ్ల పోసిన..."

అక్కడ ఆగిపోయాను. అది రాగి చెంబు. చెల్లెలి జబ్బు తెలిసిన రోజున, వంటింట్లో రాగి సామాను కనపడకూడదని హుకుం జారీ చేసింది నేనే. పారేయడానికి చేతులు రాక అమ్మ ఆ చెంబును బాత్రూంలో పెట్టుకుంది.

"నువ్వేం సైంటిస్టువన్నా!" అంటూ చెల్లెలు పడీ పడీ నవ్వింది.

రెండోసారి నేరుగా క్యానులోనే పట్టాను. నాకు జబ్బు లేదని తేలింది. ఎగిరి గంతేసినంత పని చేసి, ఎదురుగా చెల్లెలు మాత్ర మింగుతోందని చూసి సిగ్గుతో కూర్చున్నాను.

"నాకు ఖుషీగనే ఉందన్నా," అంది తను. "గని, సూది లేకుంట చూస్తరన్నవ్ గద, గదెప్పుడు?"

"ఇంక ఎలుకల కాడనే ఉన్న."

"పోనీ, ఎలుకలకైన సూది తప్పింది."

నవ్వుతూనే అంది. ఆ సూది గుచ్చినప్పుడు తను గట్టిగా పట్టుకున్నది నా చెయ్యే.